ఉమ్మి, నీళ్ళు, గిన్నె: తెలుగు క్రైస్తవంలో పవిత్రత చరిత్ర

ఆదివారం ఆరాధన చివర్లో అయ్యగారు రెండు చేతులూ ఎత్తి దీవెన చెబుతారు. సంఘమంతా తల వంచుతుంది. అది అయ్యాక మన పల్లెల్లో ఇంకో పని జరుగుతుంది. దాన్ని ఏ ఆరాధన క్రమంలోనూ రాయలేదు. తల్లులు చంటిబిడ్డల్ని ఎత్తుకుని ముందుకొస్తారు. జబ్బుపడి లేచినవాళ్ళు, పరీక్షలకు పోయే పిల్లలు, కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు వరసగా నిలబడతారు. అయ్యగారు ఒక్కొక్కరి తలమీదా చెయ్యి పెట్టాలి. మాట ఒక్కటే చాలదు, చెయ్యి తగలాలి. మాలో కొందరం అట్లాంటి పల్లెల్లో పుట్టినవాళ్ళమే, ఆ వరసలో నిలబడ్డవాళ్ళమే. అయినా చెయ్యెందుకు తగలాలి అన్న ప్రశ్న చాలాకాలం మాకు తట్టలేదు.

తెలుగునాట మాల మాదిగలు క్రైస్తవం ఎందుకు తీసుకున్నారు అన్నదానికి రెండు రకాల జవాబులు బాగా చెలామణిలో వున్నాయి. కూటికోసం మారారు అన్నది ఒకటి. దేవుడు వాళ్ళ హృదయాలను తెరిచాడు అన్నది రెండోది. మొదటిది వాళ్ళను కడుపుగా చూస్తుంది. రెండోది ఆత్మలుగా చూస్తుంది. ఈ రెండింట్లోనూ మనుషుల ఒంటికి చోటు లేదు. కానీ అంటరానితనం అమలైంది ఆ ఒంటిమీదే గదా! ముట్టుకోవడం, నీళ్ళు తాగడం, కలిసి తినడం అనే మూడు పనుల మీద కులం కాపలా కాసింది. క్రైస్తవ సంస్కారాలు కూడా సరిగ్గా ఆ మూడు పనులతోనే నడుస్తాయి. తలమీద చెయ్యి, బాప్తిస్మపు నీళ్ళు, ప్రభు భోజనపు గిన్నె. కాబట్టి మన నేలమీద ఈ సంస్కారాల అర్థం ఏమిటో తెలియాలంటే వేదాంత గ్రంథాలు చూస్తే సరిపోదు. ఎవరి చెయ్యి ఎవరిమీద పడింది, ఎవరు తాగిన గిన్నెలో ఎవరు తాగారు అని అడగాల్సి వుంటుంది. ఈ వ్యాసంలో మేం చేయబోయేది అదే.

1. దూరం పెట్టే పవిత్రత, ముట్టుకునే పవిత్రత

తెలుగు బైబిల్లో 'పరిశుద్ధం' అని మనం చదివే చోట హీబ్రూలో వున్న మాటకు మూలార్థం 'వేరుచేసి పెట్టినది' అని పండితులు చెబుతారు. మన వూళ్ళలోని 'మడి' అర్థమూ దాదాపు అదే. మడి కట్టుకున్న మనిషిని ఎవరూ తాకకూడదు. అంటే పవిత్రతకు దూరంతో చుట్టరికం వుండటం ఒక్క హిందూమతానికే పరిమితం కాదు. పాత నిబంధనలోని యాజకుల చట్టాల్లోనూ ముట్టదగినవి, ముట్టరానివి అనే జాబితాలు వున్నాయి. అదే పాత నిబంధనలో ఆమోసు లాంటి ప్రవక్తలు న్యాయం లేని పండగలను దేవుడు అసహ్యించుకుంటాడని తిట్టిపోశారు. ఈ రెండు ధోరణుల మధ్య పోరు ఆ గ్రంథం లోపలే వుంది.

సువార్తల్లో ఏసు కుష్ఠురోగిని మాటతోనే బాగుచేయగలిగి వుండీ ముట్టుకుంటాడు. పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో మైలపడి వున్న ఆడమనిషి అతని బట్ట ముట్టుకుంటే మైల అతనికి అంటలేదు, స్వస్థత ఆమెకు అంటింది. ఇక్కడ పవిత్రత నడిచే దిక్కే మారింది. కులం లెక్కలో మైల బలమైనది, పవిత్రత బలహీనమైనది. మాదిగ నీడ పడితే చాలు బ్రాహ్మడి మడి పోతుంది. సువార్తల లెక్కలో పవిత్రతే అంటువ్యాధి లాంటిది. 'దీవెన'కు లాటిన్ క్రైస్తవం వాడిన మాటకు 'మంచి పలకడం' అని అర్థం. తిట్టు మాటతో మాత్రమే పిలిపించుకున్న మనిషిని మంచి మాటతో పిలిచి, తాకరాని మనిషిని తాకడం. దీవెన అంటే ఈ రెండూ కలిసిన పని. కాగితం మీద ఇది బాగానే వుంది. చరిత్రలో ఏం జరిగిందనేదే మా ప్రశ్న.

2. ఉమ్మి

పాత కథోలిక జ్ఞానస్నాన విధిలో గురువు తన ఉమ్మిని వేలితో తీసి బిడ్డ చెవులకూ ముక్కుకూ తాకించేవాడు. ఏసు ఉమ్మి తాకించి చెవిటివాణ్ణీ గుడ్డివాణ్ణీ బాగుచేసిన కథల నుంచి వచ్చిన ఆచారం ఇది. మదురై, మైసూరు, తెలుగు ప్రాంతాలున్న కర్ణాటక మిషన్లలో పనిచేసిన జెస్యూట్లు ఈ ఆచారాన్ని వదిలేశారు. ఉమ్మిని ఇక్కడివాళ్ళు, ముఖ్యంగా పైకులాలవాళ్ళు, అసహ్యించుకుంటారన్నది వాళ్ళ వాదన. అంతటితో ఆగలేదు. చావు దగ్గరపడ్డ అంటరాని కులాల క్రైస్తవుల ఇళ్ళలోకి వెళ్ళి కడపటి సంస్కారాలు ఇవ్వడానికీ వెనకాడారు. గుడిసెలో అడుగుపెడితే పైకులాల విశ్వాసులు దూరమవుతారని భయం.

పోపు ప్రతినిధిగా వచ్చిన టూర్నాన్ 1704లో పుదుచ్చేరిలో ఈ పద్ధతులను ఖండిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. ఉమ్మి వాడాలి, అంటరానివాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి అన్నాడు. నలభై ఏళ్ళు వాదన నడిచింది. చివరికి 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్ట్ తుది తీర్పుతో దొరికిన సర్దుబాటు ఏమిటంటే అంటరాని కులాలకోసం వేరే గురువులను పెట్టడం. సంస్కారం అందరికీ అందింది. అందించే చెయ్యి మాత్రం కులాన్ని బట్టి వేరయింది. చర్చి చరిత్రలో దీన్ని 'మలబారు ఆచారాల వివాదం' అంటారు. స్థానిక సంస్కృతిని గౌరవించాలా వద్దా అన్న చర్చగానే చాలామంది దీన్ని రాస్తారు. ఏది స్థానిక సంస్కృతి? ఎవరి సంస్కృతి? ఈ ప్రశ్న మాదిగవాడ నుంచి అడిగితే జవాబు వేరేగా వస్తుంది.

ఎందుకంటే మాదిగలకు ఉమ్మితో వేరే సంబంధం వుంది. గ్రామదేవత కొలువుల్లో మాతంగి అనే మాదిగ స్త్రీ పూనకంతో ఊరంతా తిరుగుతూ, నోట్లో పోసుకున్న కల్లును జనంమీద ఉమ్ముతూ, పైకులాలవాళ్ళను పాటల్లో తిట్టేది. ఆ ఉమ్మి పడితే మైల పోతుందని రెడ్లూ బ్రాహ్మలూ సైతం తలవంచేవాళ్ళు. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల మీద రాసిన పుస్తకంలోనూ, 1909లో థర్‌స్టన్ సంపుటాల్లోనూ ఈ మాతంగి వర్ణన వుంది. కాబట్టి తాకిడి ద్వారా, నోటి తడి ద్వారా దీవెన వస్తుందనే ఊహ మాదిగలకు మిషనరీలు నేర్పింది కాదు. అది వాళ్ళ దగ్గర ముందే వుంది. అయితే ఆ దీవెనకు గడువు ఒక్కరోజే. కొలువు ముగిసిన మర్నాడు అదే మాతంగి వూరి బావి దగ్గర నిలబడి ఎవరైనా నీళ్ళు పొయ్యకపోతారా అని ఎదురుచూడాల్సిందే. పీష్వాల పుణేలో అంటరానివాళ్ళ ఉమ్మి నేలమీద పడకుండా మెడలో ముంత కట్టించారని అంబేడ్కర్ 'కులనిర్మూలన'లో (1936) రాశాడు. ఒకే ఉమ్మి ఒకచోట తీర్థం, ఇంకోచోట విషం. ఏది ఎప్పుడు తీర్థమవుతుందో నిర్ణయించే అధికారం మాత్రం ఎప్పుడూ ఊరిదే, వాడది కాదు.

బాప్తిస్మం దగ్గర మాదిగలు అడిగిన ప్రశ్నను మేం ఇట్లా అర్థం చేసుకుంటున్నాం. ఈ దీవెనకు మర్నాడు వుందా?

3. గుండ్లకమ్మ నీళ్ళు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం మొదలయింది. దాన్ని పల్లెల్లోకి తీసుకుపోయింది దొర కాదు, యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ. తోళ్ళ బేరం చేసేవాడు. క్రైస్తవం వినకముందే యోగి గురువుల దగ్గర బోధ తీసుకున్నవాడు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్య అనే మాదిగ వున్నాడని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కులంలో అట్లాంటి అన్వేషణ వింతేమీ కాదు. పేరయ్యలాంటివాళ్ళు దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చారు, ఖాళీ చేతుల్తో రాలేదు.

అప్పుడే ఒంగోలులో పైకులాలవాళ్ళు కొందరు మిషన్‌వైపు మొగ్గుచూపారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని చెప్పేశారు. క్లౌ, ఆయన భార్య ఎవరికివారు బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చదివి, లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడన్న మాట దగ్గర ఆగారని ఆయన ఆత్మకథ చెబుతుంది. మాదిగల్ని చేర్చుకున్నారు. పైకులాలవాళ్ళు వెళ్ళిపోయారు. తెలుగు ప్రొటెస్టెంటు చరిత్రలో ఇది పెద్ద మలుపు. పై నుంచి కిందికి మతం జారుతుందన్న ఆశను ఆ రోజు వదులుకోవాల్సి వచ్చింది.

1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు కూలి ఇప్పించాడు. కూటికోసం మారారు అనేవాళ్ళు ఈ కాలువను చూపిస్తారు. కానీ ఆ కరువు కాలంలో సుమారు పదిహేను నెలలపాటు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం నడుస్తుండగా ఎవరికీ ఇవ్వలేదు. మళ్ళీ మొదలుపెట్టింది 1878 జూన్‌లో. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. జూన్ మధ్య నుంచి జూలై చివరిదాకా లెక్క 8,691. ఆశ లేదని మేం అనడం లేదు. కరణానికీ మునసబుకూ ఎదురుగా దొర అండ వుంటుందన్న ఆశ తప్పకుండా వుంది. దానికి సిగ్గుపడాల్సిన పనేముంది? అండ లేనివాడు అండ వెతుక్కోవడం తప్పా?

ఆ రోజు నీళ్ళలో ఏం జరిగిందో చూద్దాం. దీక్షపొందిన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోగానే తక్కినవాళ్ళకు చోటిస్తూ పొద్దుగూకేదాకా ముంచుతూనే వున్నారు. ప్రతి మనిషినీ పేరుపెట్టి పిలిచి, వీపుకింద చెయ్యి వేసి, నీళ్ళలో పడుకోబెట్టి లేపారు. వూరి చెరువులో దిగే హక్కు లేనివాళ్ళు, బావి గట్టు ఎక్కితే దెబ్బలు తిన్నవాళ్ళు, రెండువేల పైచిలుకు మంది, ఒకే ఏట్లో ఒకరి తర్వాత ఒకరు మునిగారు. మిషనరీ పుస్తకాల్లో ఇదొక అంకె. వాడకు మాత్రం అది పేరూ, చెయ్యీ, నీళ్ళూ.

ఆ మర్నాడు వుందా? కొంత వుంది. ఒంగోలు సంఘంలో చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టేవాళ్ళు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి ఇవి భక్తి నియమాలు. పల్లెలో ఇవి కూలి తగాదాలయ్యాయి. ఆదివారం కపిల బానలు కుట్టనని మాదిగ అన్నప్పుడు, జాతరలో డప్పు కొట్టనన్నప్పుడు, వూరి వెట్టికి అడ్డుపడ్డాడు. ఆదివారం అనే పవిత్ర దినం మాదిగకు వారానికి ఒకరోజు తన ఒంటిమీద తనకే హక్కు ఇచ్చింది. అందుకే వూళ్ళు ఆగ్రహించాయి.

4. పారేసినవి

ఇంత చెప్పాక రెండోవైపూ చెప్పాలి. కొత్త పవిత్రత పాత భాషలోనే మాట్లాడింది. 'మురికి', 'శుద్ధి' అనే మాటలు పైకులాల నోటినుంచి మిషన్ నోట్లోకి వచ్చాయి. సబ్బు, తెల్లబట్ట, గొడ్డుమాంసం మానడం పరిశుద్ధతకు గుర్తులయ్యాయి. మాతంగి దయ్యమయింది. డప్పు గుడి బయట వుండిపోయింది. వెట్టిగా డప్పు కొట్టననడం తిరుగుబాటే. కానీ డప్పునే పాపం అనడం తన చేతిపనిని తానే ఛీకొట్టడం. పూర్వులను తలుచుకుని సిగ్గుపడటం నేర్పిన దీవెన సగం దీవెనే.

ఆ డప్పు తిరిగి లేవడానికి వందేళ్ళు పట్టింది. 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయినప్పుడు డప్పే జెండా అయింది. గుండ్లకమ్మలో మునిగిన కుటుంబాల మనవళ్ళూ ఆ డప్పు వెంట నడిచారు. ఇప్పుడు కొన్ని గుళ్ళలో క్రిస్మసుకు డప్పు లోపల మోగుతోంది. పవిత్రం ఏదో అపవిత్రం ఏదో తిరిగి నిర్ణయించుకునే పని వాడ చేతికి వచ్చిందనడానికి ఇది ఒక గుర్తు.

5. గిన్నె

బాప్తిస్మం జీవితంలో ఒకసారి. గిన్నె నెలనెలా వస్తుంది. అందుకే కులం నీళ్ళకన్నా గిన్నె దగ్గర ఎక్కువ పట్టుబట్టింది. ఒకరి ఎంగిలి ఇంకొకరు తాగాలి గదా!

తమిళ ప్రాంతపు ప్రొటెస్టెంటు సంఘాల్లో శూద్ర క్రైస్తవులు విడిగా కూర్చుని, ముందు గిన్నె తీసుకుని, ఆ తర్వాతే అంటరాని కులాలకు వదిలేవాళ్ళు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదాన్ని వెంటనే పూర్తిగా మానాలని ఆదేశించాడు. చాలామంది సంఘం వదిలిపోయారు గానీ కులం వదల్లేదు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం కలిసి భోజనం చేయడాన్నే పరీక్షగా పెట్టాలన్నది.

తెలుగునాట ఈ తగాదా వేరే రూపంలో వచ్చింది. ఇక్కడ ప్రొటెస్టెంటు సంఘాల్లో అత్యధికులు మాల మాదిగలే. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, కృష్ణా గోదావరి ఆంగ్లికన్లలో మాలలు ఎక్కువ. ఏ మిషన్ ఏ పల్లెకు ముందు పోయిందో దాన్నిబట్టి కులమే సంఘం సరిహద్దయింది. రెండు కులాలూ ఒకే సంఘంలో వున్నచోట్ల గుడి మాలపల్లెలో కట్టాలా మాదిగపల్లెలో కట్టాలా అన్న దగ్గరే పేచీ. అగ్రకులాన్ని తిట్టే నోరు పక్క వాడవాడి గిన్నె దగ్గర మూసుకుపోవడాన్ని మనం దాచిపెట్టలేం. కొరింథులో ఉన్నవాళ్ళు ముందే తిని లేనివాళ్ళను పస్తుపెడుతుంటే, మీరు తినేది అసలు ప్రభు భోజనమే కాదని పౌలు రాశాడు. ఆ తీర్పు తంజావూరు శూద్రులకే కాదు, మనకూ వర్తిస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల పెద్ద గిన్నె పోయి మనిషికో చిన్న గ్లాసు వచ్చింది. ఆరోగ్యం దృష్ట్యా అది మంచిదే. కానీ ఎవరి ఎంగిలి ఎవరు తాగాలనే ప్రశ్నకు జవాబివ్వకుండానే దాన్ని తప్పించుకునే వీలు కూడా దాంతో దొరికింది.

గిన్నె తాగడంతోపాటు గిన్నె ఎత్తే చెయ్యి ఎవరిదన్న ప్రశ్నా వుంది. 1912లో దోర్నకల్‌లో అజరయ్య బిషప్ అయినప్పుడు ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి ఎక్కిన మొదటి భారతీయుడు ఆయన. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత వాళ్ళ చెయ్యి వాళ్ళ తలమీదే పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని పలికించేవాడని చెబుతారు. కథోలిక సంఘంలో ఇంకా ఆలస్యం. జెస్యూట్లు తెలుగునేలకు వచ్చిన మూడువందల ఏళ్ళకు, 2000లో, మారంపూడి జోజి హైదరాబాద్ ఆర్చిబిషప్ అయ్యారు. 2022 ఆగస్టులో పూల ఆంథోని మొదటి దళిత కార్డినల్ అయ్యారు. దళితుల ఇంట్లోకి గురువు అడుగుపెట్టాలా వద్దా అని మొదలైన చరిత్ర ఇక్కడిదాకా రావడానికి ఇంతకాలం పట్టింది. ఇక అనేక సంఘాల్లో ఆడవాళ్ళ చేతికి ఆ గిన్నె ఇంకా అందనే లేదు. వారం వారం గుడి వూడ్చి, పాట ఎత్తుకుని, పల్లెల్లో క్రైస్తవాన్ని నిలబెట్టింది వాళ్ళే అయినా.

6. చెరువు, రిజిస్టరు

వెల్లంపల్లి బాప్తిస్మాలు జరిగిన 107 ఏళ్ళకు, 1985 జూలైలో, అదే ప్రకాశం జిల్లా కారంచేడులో తాగేనీళ్ళ చెరువును మురికి చెయ్యొద్దన్నందుకు మాదిగలమీద దాడి మొదలయింది. జూలై 17న కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు. చెరువు దగ్గర బిందె ఎత్తి నిలబడ్డ ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. గుండ్లకమ్మ నీళ్ళు ఆమెకు పేరిచ్చాయి. వూరి చెరువు నీళ్ళు ఇవ్వలేదు. సంస్కారం మనిషిని నిటారుగా నిలబెట్టగలిగింది. వూరిని మార్చలేకపోయింది.

ఇక రాజ్యం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకే షెడ్యూల్డ్ కుల హోదా అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులుగా మారిన దళితులకు బి.సి. 'సి' కింద ఒక్క శాతం మిగిలింది. హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. 2024 నవంబరు 26న పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు, ఆమెకు చిన్నప్పుడే బాప్తిస్మం జరిగిన రికార్డునూ ఆమె చర్చికి వెళ్తుండటాన్నీ పరిగణించి షెడ్యూల్డ్ కుల ధ్రువపత్రం నిరాకరించింది.

అంటే బాప్తిస్మం శక్తిని అందరికన్నా గట్టిగా నమ్మేది రాజ్యమే! నీళ్ళలో మునిగి లేచేసరికి కులం పోతుందని చట్టం నమ్ముతుంది. వూరు నమ్మదు. చర్చి కూడా పూర్తిగా నమ్మదు. అందుకే పల్లెల్లో మనిషికి రెండు పేర్లు, బడి రికార్డులో ఒకటి, గుడిలో ఒకటి. సంఘం రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి జంకుతున్నారు. ఒకప్పుడు అందరూ చూస్తుండగా ఏట్లో దిగినవాళ్ళ వారసులు తలుపులు వేసుకుని బాప్తిస్మం తీసుకుంటున్నారు.

దీవెన అంటే మంచి పలకడం అనుకున్నాం. పలకడం అంటే నలుగురికీ వినబడేట్టు పలకడమే. గుసగుసగా చెప్పే దీవెన మాతంగి దీవెనకన్నా చిన్నది. ఆమెది ఒక్కరోజుదైనా, వూరు నడిబొడ్డున జరిగేది. అందుకే మూడో పేరా మీద జరిగే పోరాటాన్ని ఒక్క రిజర్వేషన్ పోరాటంగా మేం చూడటం లేదు. తమ దేవుణ్ణి తమ పేరుతో బయటికి పిలుచుకునే హక్కు కోసం కూడా ఆ పోరాటం జరుగుతోంది. అదే సమయంలో, మాలపల్లె గుడిలోనూ మాదిగపల్లె గుడిలోనూ ఒకే గిన్నె ఎత్తాల్సిన పని ఏ కోర్టూ చేసిపెట్టదు. అది మన చేతుల్లో వుంది. వచ్చే ఆదివారం తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వరసలో నిలబడ్డప్పుడు, ఆ వరసలో పక్క పల్లె బిడ్డ కూడా వున్నాడా అని చూడటంతో మొదలుపెడదాం.